నవోదయ ఎంట్రన్స్: పుస్తకం కొనేముందు మీ పిల్లాడు ఏ లైన్లో ఉన్నాడో చూడండి

ఏటా స్కూళ్లు తెరిచిన పది రోజులకే మా బడి గేటు దగ్గర ఒక ప్రశ్న మొదలవుతుంది. "సార్, నవోదయకి ఏ పుస్తకం కొనమంటారు?" నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని, ఐదో తరగతి నా చేతిలోనే ఉంటుంది కాబట్టి అందరూ నా దగ్గరికే వస్తారు. పుస్తకం పేరు చెప్పేముందు నేను తిరిగి మూడు ప్రశ్నలు వేస్తాను. పిల్లాడు మూడో తరగతి ఎక్కడ చదివాడు? నాలుగు ఎక్కడ? ఆధార్‌లో పుట్టిన తేదీ, బడి రిజిస్టర్‌లో ఉన్న తేదీ ఒకటేనా? పుస్తకం అడిగితే ఈయన జాతకం అడుగుతున్నాడేంటి అని కొందరికి చిరాకు కూడా వస్తుంది.

అడగడానికి కారణం ఉంది. నవోదయ పరీక్షని అందరూ ఒకే పరుగు పందెం అనుకుంటారు, ఎక్కువ మార్కులొస్తే సీటు, తక్కువొస్తే లేదు అని. పేపర్ అందరికీ ఒకటే, నిజమే. కానీ సీట్లు మాత్రం వేరు వేరు లైన్లలో పంచుతారు, మీ పిల్లాడు ఏ లైన్లో నిలబడతాడో చాలావరకు పరీక్షకి ముందే, ఒక్కోసారి రెండేళ్ల ముందే, మీకు తెలియకుండానే తేలిపోయి ఉంటుంది. కోచింగ్ వాళ్లు లెక్కలు చెబుతారు గానీ దీని గురించి పెద్దగా మాట్లాడరు, ఎందుకు మాట్లాడరో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: జవహర్ నవోదయ విద్యాలయం అంటే కేంద్ర ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున నడిపే రెసిడెన్షియల్ స్కూల్. ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ చదువుతారు, సీబీఎస్ఈ సిలబస్, ఆరు నుంచి పన్నెండు దాకా. తిండి, వసతి, యూనిఫాం, పుస్తకాలు ఉచితం. 1986 జాతీయ విద్యా విధానంతో దేశమంతా విస్తరించాయి, అప్పుడు కేంద్రంలో విద్యని చూసే మానవ వనరుల శాఖ మంత్రి మన పీవీ నరసింహారావు. ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది, పల్లెటూరి పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి హాస్టల్లో ఉంచి చదివించడం అనే ఆలోచన మనవాళ్లకి కొత్తేం కాదు. తమిళనాడు మాత్రం నవోదయల్ని ఇప్పటికీ రానివ్వలేదు, అక్కడ గొడవ హిందీ గురించి, అది వేరే కథ.

లైన్ల లెక్క

ఒక నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. ఇందులో కనీసం 75 శాతం, అంటే 60, గ్రామీణ విద్యార్థులకే. మిగిలిన 20 ఓపెన్, వాటిలో టౌను పిల్లలూ పల్లె పిల్లలూ కలిసి మెరిట్ మీద పోటీపడతారు. అంటే జిల్లా కేంద్రంలో పెద్ద స్కూల్లో చదివే పిల్లాడికి 80 సీట్లున్నట్టు కనిపిస్తుంది గానీ అతను నిజంగా ఆశపడగలిగేది ఆ 20 మీదే, అవి కూడా పూర్తిగా అతనివి కావు.

మొత్తం సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకి. ఎస్సీ, ఎస్టీలకి ఆ జిల్లా జనాభా నిష్పత్తిని బట్టి, అయితే ఎస్సీలకి 15 శాతానికి, ఎస్టీలకి 7.5 శాతానికి తగ్గకుండా, రెండూ కలిపి 50 శాతం దాటకుండా. ఓబీసీలకి 27 శాతం, ఇది 2021-22 నుంచి వచ్చింది. దివ్యాంగులకి కూడా రిజర్వేషన్ ఉంది.

ఓబీసీ దగ్గర మనవాళ్లు బాగా పప్పులో కాలేస్తారు. మన దగ్గర బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అని రాష్ట్ర జాబితా ఉంది, ఆ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. నవోదయ కేంద్ర సంస్థ, అక్కడ చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. మీ కులం అందులో లేకపోతే జనరల్ కింద అప్లై చేయాలని వాళ్ల ప్రాస్పెక్టస్‌లోనే రాసి ఉంటుంది. ఓబీసీ అని టిక్ పెట్టి, పేరు లిస్టులో వచ్చి, ఊరంతా స్వీట్లు పంచి, చివరికి సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక అసలు చిక్కు, గ్రామీణ కోటా. గ్రామంలో ఉంటే గ్రామీణం అని అందరూ అనుకుంటారు. కాదు. పిల్లాడు ఎక్కడ నిద్రపోతాడన్నది కాదు, మూడు, నాలుగు, ఐదు తరగతులు చదివిన స్కూలు ఎక్కడ ఉందన్నది లెక్క. మూడేళ్లూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలో ఉన్న ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన స్కూల్లో చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు స్కూల్లో చదివినా అర్బన్ అభ్యర్థి కిందే లెక్క. ఒక్క రోజు అని నేను కోపంతో అనడం లేదు, రూలే అలా ఉంది.

ఇది మన ఊళ్లలో ఎంతమందిని కొడుతుందో చూడండి. పొద్దున్నే ఏడున్నరకి పసుపు రంగు బస్సు ఊళ్లోకి వస్తుంది, ఇరవైమంది పిల్లల్ని ఎక్కించుకుని పక్కనున్న మున్సిపాలిటీలోని ప్రైవేటు స్కూలుకి తీసుకుపోతుంది. వాళ్ల తల్లిదండ్రులకి రేషన్ కార్డు ఈ ఊళ్లోదే, ఓటు ఈ ఊళ్లోదే, పొలం ఈ ఊళ్లోదే. పిల్లలు మాత్రం నవోదయ లెక్కలో పట్నం పిల్లలు. రెండేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక పాప, చురుకైన పిల్ల, మూడో తరగతిలో తల్లికి ఆరోగ్యం బాగోక నాలుగు నెలలు టౌన్లో అమ్మమ్మ దగ్గర ఉండి అక్కడి బడికి వెళ్లింది. ఆ నాలుగు నెలలు ఇంట్లోవాళ్లకి గుర్తు కూడా లేదు, టీసీలు తిరగేస్తే బయటపడింది. ఆ పాప పరీక్ష రాసింది, అర్బన్ అని పెట్టే రాయించాను, సీటు రాలేదు. గ్రామీణం అని పెట్టి ఉంటే వచ్చేదేమో, సర్టిఫికెట్ల పరిశీలనలో పోయేది కూడా.

ఏది పట్టణం, ఏది గ్రామం అన్నది 2011 జనాభా లెక్కల ప్రకారం, లేదా ఆ తర్వాత ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ల ప్రకారం. ఈ పదేళ్లలో మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో పంచాయతీలు నగర పంచాయతీలయ్యాయి, మున్సిపాలిటీల్లో కలిశాయి. చూడటానికి పల్లెలాగే ఉంటుంది, గేదెలు రోడ్డు మీదే ఉంటాయి, కాగితం మీద మాత్రం పట్టణం. అనుమానం ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో స్కూలు యూడైస్ రికార్డులో, అంటే స్కూళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ రికార్డులో, రూరల్ అని ఉందో అర్బన్ అని ఉందో కనుక్కోండి.

కోచింగ్ వాళ్లు ఎందుకు మాట్లాడరో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నవోదయ కోచింగ్ సెంటర్లు, వాటికి అనుబంధంగా హాస్టళ్లు, ఎక్కువగా ఉండేది టౌన్లలోనే. పల్లెలో చదివే పిల్లాడిని ఐదో తరగతిలో తీసుకొచ్చి టౌన్లోని వాళ్ల స్కూల్లో చేర్చారంటే, 60 సీట్లున్న లైన్లోంచి బయటికి లాగి 20 సీట్ల లైన్లో నిలబెట్టినట్టు. అది కూడా వేలకి వేలు ఫీజు కట్టించుకుని. పక్క జిల్లాలో ఉన్న హాస్టల్ స్కూల్లో చేర్చితే ఇంకా ఘోరం, ఐదో తరగతి చదివే జిల్లా, నివాసం ఉండే జిల్లా ఒకటే కావాలి కాబట్టి సొంత జిల్లాలో అర్హతే పోతుంది. "పేరు ఊరి బడిలో ఉంటుంది, పిల్లాడు మా దగ్గర ఉంటాడు" అనే డమ్మీ ఏర్పాట్లు కూడా నడుస్తుంటాయి. అలాంటి సర్టిఫికెట్ మీద సంతకం పెట్టమని నన్ను అడిగినవాళ్లున్నారు. హాజరు పట్టీ చేతిలో ఉన్నవాడికి ఆ సంతకం అంత తేలిక కాదండీ.

మన జిల్లా ఏది?

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇది నిజంగా తలనొప్పి ప్రశ్న. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. నవోదయలు మాత్రం జిల్లాలతోపాటు రెట్టింపు కాలేదు. రూలు ఏమంటుందంటే, జిల్లా విడిపోయి కొత్త జిల్లాలో ఇంకా నవోదయ తెరవకపోతే పాత ఉమ్మడి జిల్లా సరిహద్దునే అర్హతకి తీసుకుంటారు. కాబట్టి నంద్యాల జిల్లా పిల్లాడికి పాత కర్నూలు జిల్లా బనవాసి నవోదయ. పార్వతీపురం మన్యం జిల్లా రెండు పాత జిల్లాల ముక్కలతో కలిసి ఏర్పడింది, అందుకని పార్వతీపురం వైపు పిల్లలకి విజయనగరం జిల్లా కిల్తంపాలెం, పాలకొండ వైపు పిల్లలకి శ్రీకాకుళం జిల్లా వెన్నెలవలస. ఒకే జిల్లా, రెండు వేరు వేరు నవోదయలు.

తెలంగాణలో ఇంకో మెలిక. పాత నిజామాబాద్ జిల్లా నవోదయ నిజాంసాగర్‌లో ఉంది, అది ఇప్పుడు కామారెడ్డి జిల్లా. పాత మెదక్‌ది వర్గల్‌లో, అది సిద్దిపేటకి వెళ్లింది. పాత మహబూబ్‌నగర్‌ది వట్టెంలో, ఇప్పుడు నాగర్‌కర్నూల్. అంటే జిల్లా పేరు ఒకచోట, స్కూలు ఇంకోచోట మిగిలాయి. 2024 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ దేశవ్యాప్తంగా 28 కొత్త నవోదయలకి ఒప్పుకుంటే అందులో 7 తెలంగాణకి వచ్చాయి: జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్ మల్కాజ్‌గిరి, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట. ఈ జిల్లాలవాళ్లు పోయినేడు పక్కింటివాళ్లు ఏం చేశారో చూసి అదే చేయకుండా, ఈ ఏడు నోటిఫికేషన్లో తమ జిల్లా పేరు ఎదురుగా ఏ స్కూలు ఉందో చూసుకుని అప్పుడు నింపాలి.

వయసు, ఒకే ఒక్క ఛాన్సు

2026-27 అడ్మిషన్లకి పుట్టిన తేదీ 2014 మే 1 నుంచి 2016 జూలై 31 మధ్యలో ఉండాలన్నారు, రెండు తేదీలూ కలుపుకుని. ఏటా ఇది ఒక్కో ఏడాది ముందుకి జరుగుతుంది. ఎస్సీ, ఎస్టీ సహా అందరికీ ఇదే వయసు, సడలింపు లేదు. మన బళ్లలో జూన్ నెలలో పుట్టినట్టు రాసిన పిల్లలు ఎందుకంత ఎక్కువుంటారో ఎప్పుడైనా ఆలోచించారా? చేర్పించేటప్పుడు హెడ్మాస్టర్లు వేసిన తేదీలవి. తర్వాత జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, రిజిస్టర్‌లో ఇంకొకటి. ఇది అప్లికేషన్ రోజున సర్దుకునే పని కాదు, నాలుగో తరగతి వేసవి సెలవుల్లోనే చూసుకోవాలి.

పరీక్ష ఒక్కసారే. రెండోసారి రాయనివ్వరు. సీటు రాలేదని మళ్లీ ఐదో తరగతిలోనే ఉంచి, ఇంకో స్కూల్లో చేర్చి రాయిద్దాం అనుకునేవాళ్లుంటారు. ఐదు మళ్లీ చదివినవాళ్లకి అర్హత లేదు. పిల్లాడి ఒక ఏడాది పోతుంది, చేతికి వచ్చేదేమీ ఉండదు.

అప్లికేషన్ ఉచితం, ఆన్‌లైన్లో, నవోదయ విద్యాలయ సమితి సొంత సైట్లో. బయట మీరు కట్టేది నెట్ సెంటర్ వాడి చార్జీ మాత్రమే. కావాల్సినవి తల్లిదండ్రులు, హెడ్మాస్టర్ సంతకాలున్న సర్టిఫికెట్ ఫారం (సైట్లోనే దొరుకుతుంది), పిల్లాడి ఫోటో, పిల్లాడి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, ఆధార్ లేదా నివాస ధ్రువపత్రం. పిల్లాడి సంతకం అంటే నెట్ సెంటర్ కుర్రాడు పెట్టే సంతకం కాదు. పరీక్ష రోజు పెట్టబోయేది కూడా అదే కావాలి కాబట్టి వారం ముందు నుంచి తెల్లకాగితం మీద రాయించండి, పేరు పూర్తిగా రాసినా చాలు. ఫోన్ నంబర్ మాత్రం మీదే ఇవ్వండి, నెట్ సెంటర్ వాళ్లు తొందరలో వాళ్ల నంబర్ కొట్టేస్తారు, తర్వాత పాస్‌వర్డ్ కోసం వాళ్ల చుట్టూ తిరగాలి. గడువు అయ్యాక తప్పులు దిద్దుకోవడానికి కొన్నాళ్లు విండో తెరుస్తారు గానీ అందులో అన్నీ మారవు, దాని మీద భరోసా పెట్టుకోకండి.

ఫారంలో అందరూ ఆలోచించకుండా టిక్ కొట్టేసేది పరీక్ష భాష. ప్రశ్నపత్రం ఆ భాషలోనే వస్తుంది. ఇంగ్లిష్ పెడితే గొప్ప అనే భ్రమ మనవాళ్లలో గట్టిగా ఉంది. పిల్లాడు ఏ భాషలో లెక్క చదివి వెంటనే అర్థం చేసుకుంటాడో అదే పెట్టాలి, అంతే. అయితే ఇక్కడ కొత్త చిక్కు వచ్చిపడింది: ఇంగ్లిష్ మీడియం పిల్లాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, కథ తెలుగులోనే బాగా అర్థమవుతుంది, కానీ "క.సా.గు", "గ.సా.భా", "హారం", "చుట్టుకొలత" అంటే నోరు తెరుస్తాడు, అదే ఎల్‌సీఎం, పెరిమీటర్ అంటే టక్కున చెబుతాడు. తేల్చుకోవడానికి తేలిక దారి ఉంది. మన ప్రభుత్వ బళ్లలో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలున్నాయి. అదే రకం లెక్కలు పది తెలుగు పేజీ చూపించి, పది ఇంగ్లిష్ పేజీ చూపించి చేయించండి, ఒక పేరా కూడా రెండిట్లో చదివించండి. ఎక్కడ తడుముకుంటాడో అరగంటలో తేలిపోతుంది.

పేపర్ లోపల

80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. ఒక్కో ప్రశ్నకి 1.25 మార్కులు. మానసిక సామర్థ్యం 40 ప్రశ్నలు 50 మార్కులు, అంకగణితం 20 ప్రశ్నలు 25 మార్కులు, భాష 20 ప్రశ్నలు 25 మార్కులు. మూడూ ఒకే బుక్‌లెట్లో ఉంటాయి, గంట, అరగంట, అరగంట అని సమయం పంచుకోమంటారు. నెగెటివ్ మార్కులు లేవు. దివ్యాంగులకి 40 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. 2026-27 బ్యాచ్‌కి మన దగ్గర పరీక్ష 2025 డిసెంబర్ 13న జరిగింది, పొద్దున పదకొండున్నరకి మొదలు.

ఈ అంకెల్లో ఒకటి మాత్రం గోడ మీద రాసి పెట్టుకోవాలి: సగం మార్కులు బొమ్మలవే. మానసిక సామర్థ్యం అంటే ఇక్కడ అక్షరం ముక్క లేని బొమ్మల ప్రశ్నలు. పది రకాలు, ఒక్కో రకానికి నాలుగు: గుంపులో చేరని బొమ్మ, అచ్చం అలాగే ఉన్న బొమ్మ, ఖాళీ మూల నింపే ముక్క, వరుసలో తర్వాత వచ్చేది, మొదటి జంటలాంటి రెండో జంట, చతురస్రమో వృత్తమో పూర్తిచేసే ముక్క, అద్దంలో ప్రతిబింబం, మడతపెట్టి చిల్లు పొడిచిన కాగితం, ముక్కలు కలిపితే వచ్చే ఆకారం, పెద్ద బొమ్మలో దాక్కున్న చిన్న బొమ్మ. ఇవి బడిలో ఏ పాఠంలోనూ లేవు. అందుకే భయపడతారు, అందుకే కోచింగ్ అంటారు. నా అనుభవంలో మాత్రం ఇంట్లో తల్లి అయినా నేర్పగలిగేది ఇదొక్కటే, ఎందుకంటే చదువు రానవసరం లేదు, వస్తువులు చాలు.

చిల్లుల కాగితమే తీసుకోండి. పుస్తకంలో బొమ్మ చూపించి "ఇది విప్పితే ఎలా ఉంటుంది" అంటే తొమ్మిదేళ్ల పిల్లాడు గాల్లోకి చూస్తాడు. పాత నోటుబుక్కు కాగితాన్ని చతురస్రంగా కత్తిరించి వాడి చేతికే ఇవ్వండి. సగానికి మడవమనండి, మళ్లీ సగానికి మడవమనండి, పెన్నుతో మడతలకి దూరంగా ఒక చిల్లు పొడవమనండి. విప్పేముందు ఎన్ని వస్తాయో ఊహించమనండి. రెండంటాడు. విప్పితే నాలుగు. ఇప్పుడు మడతలు రెండూ కలిసే మూల కత్తిరించమనండి, విప్పితే నట్టనడుమ ఒకే ఒక్క కంత. వాడి మొహం చూడండి అప్పుడు. వారం రోజులు ఇలా పాతిక కాగితాలు ఖరాబు చేస్తే ఆ తర్వాత పుస్తకంలో బొమ్మ చూడగానే కాగితం తలలోనే విప్పుకోవడం మొదలుపెడతాడు. అద్దం ప్రశ్నలకి కూడా అంతే, గోడకి ఉన్న చిన్న అద్దం దించి బొమ్మ పక్కన నిలబెట్టండి. కుడి ఎడమలు తారుమారవుతాయి, పైనా కిందా అలాగే ఉంటాయి. దీన్ని సూత్రంలా బట్టీ పట్టిస్తే పరీక్షలో మర్చిపోతాడు, కంటితో చూస్తే మర్చిపోడు. ముక్కలు కలిపే ప్రశ్నలకి పాత క్యాలెండర్ అట్ట కత్తిరించిన ముక్కలు. దాక్కున్న బొమ్మకి పలచటి కాగితం వేసి గీతల మీద పెన్సిల్ తిప్పడం.

రెండు నెలలు ఇలా చేతులతో చేశాకే ప్రాక్టీస్ పుస్తకం. ముందే పుస్తకం ఇస్తే వెనక పేజీలో జవాబులు చూసి టిక్కులు పెట్టడం నేర్చుకుంటారు, నేను చూశాను.

అంకగణితంలో ఐదో తరగతి దాటిన విషయం పెద్దగా ఉండదు. సంఖ్యలు, నాలుగు ప్రక్రియలు, భిన్నాలు, దశాంశాలు, క.సా.గు, గ.సా.భా, కొలతలు, చుట్టుకొలత, వైశాల్యం, ఇలా. మధ్యమధ్య సిలబస్‌లో చిన్న మార్పులు చేస్తుంటారు కాబట్టి ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లోని జాబితా చూడండి, పాత గైడు వెనక ఉన్నది కాదు. కష్టమంతా ఆప్షన్లలో ఉంటుంది. ఒక ఉదాహరణ రాస్తాను. పొలం పొడవు 40 మీటర్లు, వెడల్పు 25 మీటర్లు, చుట్టూ మూడు వరసలు తీగ కట్టాలి, ఎంత తీగ కావాలి? చుట్టుకొలత 130, మూడు వరసలకి 390. ఆప్షన్లలో 390తోపాటు 130 ఉంటుంది, మూడు వరసలన్న మాట మర్చిపోయినవాడి కోసం. 1000 ఉంటుంది, వైశాల్యం కట్టినవాడి కోసం. 195 ఉంటుంది, పొడవు వెడల్పు కలిపి రెండుతో గుణించడం మానేసినవాడి కోసం. ప్రతి తప్పుకీ ఒక కుర్చీ వేసి ఉంచుతారన్నమాట. తన జవాబు ఆప్షన్లలో కనబడగానే పిల్లాడు సంతోషపడిపోతాడు, కనబడింది కాబట్టి సరైనదే అనుకుంటాడు. ప్రశ్న చివరి వాక్యం మళ్లీ ఒకసారి చదివాకే దిద్దాలి అనే అలవాటు ఒక్కటి చేయగలిగితే నాలుగైదు ప్రశ్నలు నిలబడతాయి.

భిన్నాల్లో ఇంకో చిన్న కిటుకు. 1/2కి 1/3 కలిపితే? పైవి పైకి, కిందవి కిందకి కలిపేసి 2/5 అంటారు, ఆప్షన్లలో అది తప్పకుండా ఉంటుంది. పిల్లాడిని అడగండి: సగం రొట్టె నీ దగ్గరుంది, ఇంకా కొంచెం ఇచ్చాను, ఇప్పుడు సగం కంటే తక్కువైందా? 2/5 సగం కంటే తక్కువ. లెక్క చేయకుండానే ఆ ఆప్షన్ పోయింది. సరైనది 5/6. ఇలా అడ్డగోలు ఆప్షన్లని ముందే తీసేయడం వస్తే, రాని లెక్కలో కూడా నాలుగింటి మధ్య కాకుండా రెండింటి మధ్య ఊహించొచ్చు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి 80లో ఒక్కటీ ఖాళీ వదలకూడదు, చివరి ఐదు నిమిషాలు దానికే.

భాషలో నాలుగు పేరాలిస్తారు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు. తెలుగే కదా అని దీన్ని ఎవరూ పట్టించుకోరు. 25 మార్కులు ఇక్కడ ఊరికే పోతాయి. మా పిల్లలు గట్టిగా చదవగలరు, చదివింది ఏంటో చెప్పలేరు, అది మా బళ్ల లోపమే అని ఒప్పుకుంటాను. రోజూ పేపర్లో పది లైన్ల వార్త ఒకటి చదివించి మూడు ప్రశ్నలు అడగండి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఈ మాటకి వ్యతిరేక పదం ఏంటి. అన్నం తినేటప్పుడు అడిగినా సరే.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం ఒకటి. మా ఐదో తరగతి పిల్లలు ఇప్పటికీ పెన్సిలూ రబ్బరుతో రాస్తారు. పరీక్షలో ఓఎంఆర్ షీటు మీద నీలం లేదా నలుపు బాల్ పాయింట్ పెన్నుతో వృత్తం నింపాలి, నింపాక మార్చడానికి లేదు, వైట్‌నర్ పెట్టకూడదు, రబ్బరుతో రుద్దకూడదు. జీవితంలో మొదటిసారి పెన్ను పట్టుకునేది ఆ రోజే అయితే చేతులు వణుకుతాయి. జూలై నుంచే పెన్ను ఇవ్వండి. ఓఎంఆర్ నమూనాలు పాతిక జిరాక్స్ తీయించండి, మహా అయితే యాభై రూపాయలు. ఇంకో ప్రమాదం, 23వ ప్రశ్న తర్వాత చూద్దాంలే అని వదిలి 24 జవాబుని 23 గడిలో నింపడం, అక్కడి నుంచి వరసంతా ఒక గడి జరిగిపోవడం. నింపేముందు ప్రశ్న నంబరుని పెదాలతో అనుకోమని చెబుతాను నేను. పరీక్ష హాల్లో మా పిల్లలు గొణుగుతూ కనిపిస్తే కారణం అదే.

నవంబర్ నుంచి వారానికొక పూర్తి పేపర్, ఆదివారం పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా, మధ్యలో లేవకుండా. తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాయించండి, ఏది తప్పో కాదు, ఎందుకు తప్పో. "తొందర", "ప్రశ్న చదవలేదు", "రాదు" అని మూడే మాటలు. మొదటి రెండు ఎక్కువుంటే ఇంకో గైడు కొని లాభం లేదు.

కటాఫ్ గురించి అడుగుతారు. యూట్యూబ్‌లో "ఈసారి నవోదయ కటాఫ్ ఇంత" అని ఎర్రక్షరాలతో వీడియోలొస్తాయి. ముందు చెప్పిన లైన్లన్నీ గుర్తు తెచ్చుకోండి. జిల్లా వేరు, గ్రామీణం వేరు, ఓపెన్ వేరు, కులం వేరు, ఆడపిల్లల లెక్క వేరు. ఇన్ని వేరు వేరు లైన్లున్నచోట రాష్ట్రం మొత్తానికి ఒక అంకె ఎలా ఉంటుంది? పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిని ఆ వీడియో ముందు కూర్చోబెట్టి "నీకెన్నొస్తాయి" అని అడిగే నాన్నల్ని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

లిస్టులో పేరు వచ్చాక కూడా సీటు చేతికొచ్చినట్టు కాదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, పుట్టిన తేదీ, నివాసం, కులం, గ్రామీణ ధ్రువపత్రం, టీసీ, అన్నీ సరిపోతేనే చేర్చుకుంటారు. ఎవరైనా చేరకపోతే వెయిటింగ్ లిస్టు కదులుతుంది, ఒక్కోసారి నెలల తర్వాత కూడా పిలుపొస్తుంది, కాబట్టి మొదటి లిస్టులో లేకపోతే ఫోన్ నంబర్ మార్చకండి. ఖర్చు విషయానికొస్తే ఎనిమిది దాకా ఏమీ లేదు, తొమ్మిది నుంచి విద్యాలయ వికాస నిధి కింద నెలకి 600 రూపాయలు, ప్రభుత్వోద్యోగుల పిల్లలకైతే 1500, ఎస్సీ, ఎస్టీ పిల్లలకీ ఆడపిల్లలకీ దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకీ అది కూడా లేదు. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. ఈ సంగతి ఆరో తరగతిలో చేర్చేటప్పుడే అమ్మమ్మలకి చెప్పి ఉంచండి, లేకపోతే ఆ రోజు ఇంట్లో పెద్ద యుద్ధమే.

నవోదయ ఒక్కటే పెట్టుకుని కూర్చోనక్కర్లేదు కూడా. రెండు రాష్ట్రాల్లోనూ గురుకులాలు ఐదో తరగతిలోకి ఎంట్రన్స్ పెడతాయి, అంటే నాలుగో తరగతిలో ఉన్నప్పుడే రాయాలి, ఇక్కడ చాలామంది ఒక ఏడాది ఆలస్యంగా మేలుకుంటారు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లకి ఆరో తరగతి పరీక్ష 300 మార్కులకి ఉంటుంది, అందులో సగం, 150, లెక్కలవే. బొమ్మల్లో చురుకైన పిల్లాడికి నవోదయ నప్పుతుంది, లెక్కల్లో గట్టి పిల్లాడికి సైనిక్ నప్పుతుంది, ఫీజుల తేడా మాత్రం చూసుకోండి.

నవోదయకే ఇంకో తలుపు ఉంది, దాని గురించి ఊళ్లలో దాదాపు ఎవరికీ తెలియదు. ఎనిమిదో తరగతిలో ఉండగా తొమ్మిదిలో ఖాళీ అయిన సీట్లకి వేరే పరీక్ష పెడతారు: లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లిష్ 15, హిందీ 15, రెండున్నర గంటలు. బొమ్మలుండవు. సీట్లు కొద్దే. రెండేళ్ల కిందటి మా పాప ఇప్పుడు ఏడో తరగతి, మొన్న దారిలో కనబడితే ఈ మాట చెప్పాను. "మళ్లీ కాగితాలు మడవాలా సార్?" అంది. అక్కర్లేదు, హిందీ మాత్రం ఇప్పట్నుంచే చదువు అన్నాను.